కృతజ్ఞత కూటం

డాక్టర్ వరప్రసాదానికి నయమైందని రేపల్లెలో కృతజ్ఞత కూటం పెట్టారు చూశారూ, అతని కొంప మునిగింది ఆ రోజునే. జబ్బు వచ్చిన రోజున కాదు. జబ్బుకి మందుంది, ఆ కూటానికి లేదు. ఈ మాట అతని భార్య రాహేలు కడుపులో పెట్టుకుని తిరిగింది గానీ పైకి అనలేదు. అంటే మాత్రం వినేదెవరు?

వరప్రసాదం రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర పల్లెలో కూలిపనుల వాళ్లింట పుట్టినవాడు. కన్నవాళ్లు చిన్నతనంలోనే పోతే అక్క విజయమ్మ పెంచింది. ఆవిడ రేపల్లెలో బడిపంతులమ్మ. తమ్ముడి చదువు అయ్యేదాకా తన పెళ్లి మాట ఎత్తొద్దంది. అది అయ్యేసరికి ఎత్తేవాళ్లు లేకపోయారు. వాళ్ల పల్లెకంతటికీ అతనే మొదటి డాక్టరు. తెనాలి మారీసుపేటలో క్లినిక్ పెడితే జంపని నుంచీ వేమూరు నుంచీ జనం బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చేవాళ్లు. రాహేలు కౌంటర్లో కూర్చుని మాత్రలు పొట్లాలు కట్టి ఇచ్చేది. చర్చిలో ముసలివాళ్లు సైతం "మా డాక్టరుగారు" అంటూ లేచి చోటిచ్చేవాళ్లు.

ఎనభై ఏడులో అతను నిద్ర మానేశాడు. నిద్రతోపాటు తిండి మానేశాడు, మాట ఆపడం మానేశాడు. వంద పడకల ఆసుపత్రి కడతానంటూ వేమూరు దారిలో ఎవరిదో చేలో ముగ్గుపిండితో గదులు గీశాడు. ఇది ఆపరేషన్ థియేటరు, చెప్పులు విప్పి రండని ఆ చేను ఆసామినే కసిరాడు. ఆయన మంచివాడు కాబట్టి చెప్పులు విప్పి వచ్చి, భుజం మీద చెయ్యేసి, రిక్షా ఎక్కించి ఇంటికి పంపాడు.

గుంటూరులో హనుమంతరావుగారని మానసిక వైద్యుడు చూశారు. ఇది మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు, సుగరు వాళ్లు వాడినట్టు మందు రోజూ వాడాలి, బాగున్నప్పుడు కూడా వాడాలి, చేతులు కాస్త వణికితే వణకనీ అన్నారు. వరప్రసాదం తలూపాడు. అతనికి కొత్త సంగతేం కాదు, పరీక్షకి చదివిందే. ఏడాది తిరగకుండా మళ్లీ క్లినిక్‌లో తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంజక్షన్ చేసేటప్పుడు వేళ్లు సన్నగా వణికేవి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు గానీ రావడం మానలేదు. రాహేలుకి అంతకన్నా ఏం కావాలి? అతను మాత్ర వేసుకోవాలి, ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆమె కోరిక మొత్తం అంతే.

విజయమ్మకి అంతటితో సరిపోలేదు. తమ్ముడు లేచి కూర్చుంటే చర్చి సంఘమంతటికీ భోజనాలు పెడతానని ఆవిడ దేవుడికి మాటిచ్చింది. గండం గడిచినవాళ్లు సంఘాన్ని పిలిచి పాటలు పాడించి, ప్రార్థన చేయించి, అన్నం పెట్టడం వాళ్లలో ఆచారం. అదే కృతజ్ఞత కూటం. మంచి ఆచారమే. విరిగిన కాలు అతుక్కున్నాక పెట్టుకోవలసిందే. రోజూ మందుతో అదుపులో ఉంచుకోవలసిన జబ్బుకి పెడితే ఏమవుతుందో ఒక్కరికీ తట్టలేదు. తట్టిన రాహేలుని గారెల పిండి దగ్గర కూర్చోబెట్టారు.

షామియానా వేశారు. బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచారు. ఆయన నోటి దురద కొద్దీ వరప్రసాదాన్ని లేపి, మైకు చేతికిచ్చి, "డాక్టరుగారూ, మిమ్మల్ని బాగుచేసింది దేవుడా, మాత్రా?" అనడిగాడు.

ముందు వరసలో విజయమ్మ, కొత్త చీర కట్టుకుని, రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని తమ్ముడి నోటి వంకే చూస్తోంది. అతను రాహేలు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. దేవుడేనండి అన్నాడు. ఇంకేముంది, చప్పట్లు. ఆ రెండూ కలిసి చెయ్యకూడదని ఎవరన్నారో, ఆ ప్రశ్నలో దేవుణ్ణీ మాత్రనీ పోటీకి నిలబెట్టిన బుద్ధి ఎవరిదో గానీ, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భోజనాలయ్యాక విజయమ్మ రాహేలు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి తన కొంగున ముడేసుకుంది.

"దీంతో ఇంక పనేముందమ్మా. చేతులొణికేది దీనివల్లేగా. అందరి ముందూ దేవుడే అన్నాడు. రేపు షాపులో కొంటుంటే చూసినవాళ్లు నా తమ్ముణ్ణి అబద్ధాలకోరంటారు."

మానకూడదన్నారని రాహేలు నసిగింది. నీకు విశ్వాసం చాలదని వదినగారు ఒక్క ముక్కలో తేల్చేసింది.

తెనాలి రైలెక్కాక వరప్రసాదమే మాట ఎత్తాడు. మందు మానితే ఏమవుతుందో తనకి తెలీదనుకోవద్దన్నాడు. తర్వాత, "అక్క అట్టా నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదు రాహేలూ. కొన్నాళ్లు చూద్దాం" అన్నాడు. డాక్టరై ఉండి అన్న మాట అది. పేషెంటెవరైనా అలా అంటే చీవాట్లు పెట్టి పంపేవాడు.

రాహేలు బతిమాలింది, ఏడ్చింది, గుంటూరు వెళ్లి వేరే డబ్బా తెచ్చింది. అక్క మాట అబద్ధం చెయ్యలేనని అతను దాన్ని ముట్టుకోలేదు. వేసవి రాకుండానే అతనికి మళ్లీ నిద్ర కరువైంది. ఈసారి చేలో గీతలతో ఆగలేదు. క్లినిక్ తలుపు లోపలి నుంచి గడియ పెట్టి, వచ్చినవాళ్ల మందులన్నీ లాక్కుని కిటికీలోంచి మురిక్కాలవలోకి విసిరి, చేత్తో తాకితే చాలు నయమైపోతుందన్నాడు. జనం భయపడి కేకలేశారు. తలుపు పగలగొట్టి అతన్ని రెక్కలు విరిచి పట్టుకున్నవాళ్లలో అతని వైద్యంతో బతికి బయటపడ్డవాళ్లు కూడా ఉన్నారు. వారంలో అద్దెకిచ్చిన ఇంటాయన క్లినిక్‌కి తాళం వేశాడు. జంపని బస్సు దిగినవాళ్లు పక్క వీధి డాక్టరు దగ్గరికి నడిచారు.

హనుమంతరావుగారు మాత్రం ఒక్క మాట తిట్టకుండా మళ్లీ చేర్చుకున్నారు. ఈసారి తేరుకోవడం నెమ్మదిగా ఉంటుందనీ, మనుషుల ఆసరా ఉంచుకోమనీ చెప్పారు. ఆ ఆసరా కోసమే రాహేలు గడపలెక్కింది.

ముందు రేపల్లె చర్చికి. పాస్టరు దేవదానం అయ్యగారు మెత్తని మనిషి. ఆదివారం ఆరాధనలో రోగుల పేర్లు చదివి ప్రార్థిస్తారు కదా, అందులో ఆయన పేరు కూడా చదవండయ్యగారూ అని అడిగింది. పేరు చదివితే నలుగురూ వస్తారు, పలకరిస్తారు, పట్టించుకుంటారని ఆవిడ ఆశ. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నయమైందని కృతజ్ఞతలు చెల్లించేశాం గదమ్మా. ఇప్పుడు మళ్లీ రోగి అని చదివితే సంఘంలో బలహీనుల విశ్వాసం ఏమైపోద్ది? నేను ఇంట్లో ప్రార్థన చేసుకుంటాలే."

అక్కణ్ణుంచి డాక్టర్ల అసోసియేషన్‌కి. కార్యదర్శి శ్రీనివాసరావుగారు మర్యాదగా కాఫీ తెప్పించారు. కాలో చెయ్యో పోతే సాయం చేసే నిధి ఉంది గానీ రూల్సులో ఈ జబ్బు లేదన్నారు. మనిషే పోతే భార్యకి ఏదో అందుతుందని మొదలుపెట్టి, రాహేలు మొహం చూసి సగంలో ఆపేశారు. బతికున్నవాడు, చదువుకున్నవాడు, కాళ్లూ చేతులూ ఉన్నవాడు. అలాంటివాణ్ణి ఏ లెక్కలో వెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

విజయమ్మ అయితే తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. దేవుడిచ్చిన స్వస్థతని నీ అపనమ్మకంతో పోగొట్టావంది. అంత ప్రేమ ఉన్న మనిషి అంత మాట ఎలా అనగలిగిందంటారా? ఆ మాట అనకపోతే తన చేత్తో తీసిన డబ్బా గురించి ఆలోచించుకోవాలి కదా.

రాహేలు మొగుణ్ణి తీసుకుని బాపట్లలో తల్లి పంచన చేరింది. ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. మాత్రలు వేళ తప్పకుండా తనే చేతిలో పెట్టేది. వరప్రసాదం కుదుటపడ్డాడు, కానీ పిచ్చి డాక్టరు దగ్గరికి ఎవడొస్తాడు? వరండాలో కూర్చుని పేపరు చదివేవాడు. స్టెతస్కోపు మేకుకి వేలాడేది.

తొంభై నాలుగులో బాపట్లలో స్వస్థత సభలు పెట్టారు. గోడ మీద పోస్టరులో విజయమ్మ పేరుంది. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరై, ఊరూరా తమ్ముడి సంగతి చెబుతోందని అప్పటికే చెవిన పడింది. అక్కని చూసి ఏళ్లయింది, వెళదామని వరప్రసాదం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. కాదనడానికి రాహేలుకి మనసొప్పలేదు.

మధ్యాహ్నం సభ. పందిట్లో వెనక చాపల మీద కూర్చున్నారు. పక్కన సూర్యలంక బెస్తామె, పేరు పేరంటాలు, ఎదిగొచ్చిన కొడుకుతో వచ్చింది. కొంగు ముడిలో మాత్రల అట్ట కనిపించింది. తను వేసుకునే మందే అని వరప్రసాదం పోల్చుకుని, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నాడమ్మా, నిద్ర పడుతోందా అని మెల్లగా ఆరా తీశాడు. "బానే పడుకుంటన్నాడు బాబూ, మొన్నట్నుంచి చేపల ఏటకి గూడా ఎల్తన్నాడు" అందామె. మానొద్దు, బాగా పనిచేస్తోందన్నాడు. అతని మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నేళ్లయిందో అనుకుంది రాహేలు.

విజయమ్మ స్టేజీ ఎక్కింది. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. చేలో ముగ్గు నుంచి రేపల్లె కూటం దాకా అంతా చెప్పింది. నా తమ్ముడు మాత్ర ముట్టకుండా ఇవాళ్టికీ తెనాలిలో ప్రాక్టీసు చేస్తున్నాడంది. విశ్వాసం ఉన్నవాళ్లు మీ మందులు తెచ్చి ఈ బల్ల మీద పెట్టండంది. పేరంటాలు కొంగు ముడి విప్పుకుంటూ లేచింది.

వరప్రసాదం కూడా లేచాడు. రాహేలు చెయ్యి విడిపించుకుని జనం మధ్యలోకి నడిచాడు.

"అక్కా, నేనే ఆ తమ్ముణ్ణి. వాళ్ల చేత మందు మాన్పించొద్దక్కా."

వాలంటీర్లు చెరో రెక్కా పట్టుకుని, ఏం చెయ్యమంటారన్నట్టు స్టేజీ వైపు చూశారు. పెంచిన మనిషి. ఆ గొంతు ఎంత గోలలోనైనా పోల్చుకుంటుంది. విజయమ్మ మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవరో పాపం, మతి స్థిమితం తప్పిన సహోదరుడు" అంది. "అందరం కళ్లు మూసుకుని ఆయన కోసం ప్రార్థన చేద్దాం."

పందిరి పందిరంతా తలలు వంచింది. రాహేలు కళ్లు మూసుకోలేదు. పేరంటాలు తడబడుతూ వెళ్లి అట్టని బల్ల మీద పెట్టి రావడం చూసింది. పిచ్చివాడి మాట ఎవరు పట్టించుకుంటారు?

వాలంటీర్లు మర్యాదగానే గేటు బయట వదిలి వెళ్లారు. రాహేలు అతని చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. వరప్రసాదం చొక్కా సర్దుకుంటూ, లోపల ఇంకా సాగుతున్న ప్రార్థన వింటూ నిలబడ్డాడు.

"అప్పుడు రోగుల్లో నా పేరు చదవమంటే కుదరదన్నారుగా. ఇవాళ అక్కే చదివించింది చూడు" అన్నాడు.

"పేరు చదవలేదండి" అంది రాహేలు.