పట్టాయాలో పన్నెండు మందికి అన్నం

హోటల్ గదిలో బియ్యం ఎక్కడ కడగాలో నాకు మొదట అర్థం కాలేదు. స్నానాల గదిలో మొహం కడుక్కునే తెల్లటి తొట్టి ఒక్కటే ఉంది. దాన్ని సబ్బుతో రెండుసార్లు తోమి, అందులోనే గిన్నె పెట్టి కడిగాను. ఒక్క గింజ జారినా గొట్టంలో ఇరుక్కుంటుందేమోనని వంచిన నీళ్లకు చెయ్యి అడ్డం పెట్టాను. మా ఊరు సిరొంచ నుంచి మోసుకొచ్చిన కరెంటు కుక్కర్‌లో ఒక్క విడతకు నలుగురికే అన్నం అవుతుంది. తినేవాళ్లం పన్నెండు మందిమి. పట్టాయాలో దిగిన మొదటి రోజే మూడు విడతలు వండాను.

మాది ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. బోర్డు మీద మా ఆయన గోపాల్‌రావు పేరుంటుంది, కౌంటర్ దగ్గర నేనుంటాను. ఏ మందు ఎన్ని నీళ్లలో కలపాలో పక్కనున్న రేగుంట రైతులు నన్నే అడుగుతారు. ఆయన ఊళ్లు తిరిగి పెద్దమనిషి అనిపించుకుంటాడు. 2007లో మేం బాగా అమ్మామని పురుగుమందుల కంపెనీ జంటగా థాయిలాండ్ పంపిస్తామంది. మిగతా డీలర్లలో చాలామంది భార్యల్ని వదిలేసి తమ్ముడినో బావమరిదినో వెంటేసుకున్నారు. ఆయన మాత్రం వాళ్లమ్మ వింటుండగానే, "నువ్వు రావాలె శోభా. నువ్వు లేకుంటె నాకేం తోచది" అన్నాడు.

పందొమ్మిదేళ్ల కాపురంలో అలాంటి మాట వినలేదు. మా అత్త సుశీలాబాయి, "ఇల్లు, దుకాణం ఇడిసిపెట్టి ఊరేగబోతవా? నేను కాశి గూడ సూడకపోతి" అని నెల రోజులు సాధించింది. ఆ సాధింపు కూడా నాకు తియ్యగానే ఉంది. పాస్‌పోర్టు కోసం నాగపూర్ పోయొచ్చాను, రెండు కొత్త చీరలు కొనుక్కున్నాను. నాకు ఒక్కటే కోరిక, సముద్రం చూడాలి. మా ఊరి దగ్గర ప్రాణహిత, గోదావరి కలిసి ఎటో వెళ్లిపోతాయి. వెళ్లేది ఈ సముద్రంలోకి కాదని నాకూ తెలుసు. ఏదో ఒక సముద్రమైతే చాలు అనుకున్నాను.

"ఆడ పాములు, కప్పలు తింటరట" అంటూ బియ్యం, పప్పు, మామిడికాయ తొక్కు ఆయనే దగ్గరుండి సర్దించాడు. నాలుగు రోజులకు, ఇద్దరికి పది కిలోల బియ్యం ఎందుకని నేను అడగలేదు. పొద్దంతా కిలోలు తూచేదాన్ని, ఆ ఒక్క లెక్క నాకు తట్టలేదు. మొగుడు రమ్మన్నాడన్న సంబరంలో కళ్లు నెత్తికెక్కాయి.

దిగిన రోజు హోటల్‌కు వస్తుంటే, బస్సు కిటికీలోంచి రెండు మేడల సందులో ఒక నీలం గీత కనబడింది. అది సముద్రమని గైడ్ చెప్పేలోపే దాటిపోయింది. ఆ మధ్యాహ్నం అందరూ ఏనుగుల ఆట చూడబోతుంటే ఆయన నన్ను గదిలో ఉండమన్నాడు. "ఏనుగులే గద, మన కమలాపూర్ అడవిల లెవ్వా? జర అన్నం వండి పెట్టు, మనోళ్లు ఆకలికి ఆగరు." ఒక్క పూటే కదా అని ఉల్లిగడ్డలు కోశాను.

రెండోరోజు కూడా పొద్దంతా వంటే. సాయంత్రం అందరం బజారుకు వెళ్లాం. గొడుగులు, గడియారాలు, చెక్క బొమ్మలు. ఆయన కొన్న ప్రతి సంచీ నా చేతికే వచ్చింది. మా గుంపులో నేను కాక ఇంకొక్క ఆడమనిషే ఉంది, నాగేపల్లి డీలర్ భీమ్‌రావు భార్య ఉమారాణి. జుట్టు క్లిప్పులు ఏరుకుంటూ, ఎంతో మంచి మాట చెబుతున్నట్టు నాతో అంది:

"నువ్వుండబట్టి బతికినం అక్కా. మీ ఆయన కంపెనీ మీటింగుల ముందే చెప్పిండట. తిండికి పరేషాన్ కాకుండ్రి, మా ఇంటామెను తీస్కొస్తున్న అని. గా మాట ఇన్నంకనే మా ఆయన గూడ రానీకె ఒప్పుకుండు."

నేను నవ్వాను. ఏం చేయాలో తెలియనప్పుడు నాకు నవ్వే వస్తుంది. కుక్కర్‌ను ఎలా తెచ్చాడో నన్నూ అలాగే తెచ్చాడు. చాలా సిగ్గేసింది. ఆయన చేసిన పనికి కాదు, ప్రయాణానికి ముందు నేను పడ్డ సంబరానికి. వాడకట్టులో అందరితో చెప్పుకున్నాను, మా ఆయన నన్ను వదిలి పోనన్నాడని.

మూడోరోజు పొద్దున పప్పుకు పోపు పెట్టమన్నాడు. కుక్కర్ గిన్నెలోనే నూనె కాచి ఎండుమిరపకాయలు వేశాను. ఘాటు పైకి లేచిందో లేదో, పైకప్పులో ఏదో గంట మోగింది. అంతస్తంతా మోగింది. తడి జుట్టుతో, తువ్వాళ్లతో ఏయే దేశాలవాళ్లో బయటికి వచ్చి నిలబడ్డారు. హోటల్ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఎవరు వండారని గైడ్ అడిగితే మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

"గదిల వండద్దని మస్తు చెప్పిన. ఇంటదా? పల్లెటూరిది, దీనికేం తెల్వది."

రెండు రోజులుగా నా చేతి అన్నం తిన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరు నోరు విప్పలేదు. భీమ్‌రావు నేల చూపులు చూశాడు. ఆయన మాట కంటే వాళ్ల మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందరూ పోయాక ఆయన గొంతు తగ్గించాడు. "ఏదో అన్న తియ్. రేపు పోపు వద్దు, వట్టి అన్నం, తొక్కు చాలు. మేం సముద్రంల దీవి చూసి ఒంటిగంటకు వస్తం."

"నేను సముద్రం సూడద్దా?"

"ఏమున్నది, నీళ్లే గద! మన ఊర్ల రెండు నదులున్నయి."

నాలుగో రోజు పొద్దున తలస్నానం చేశాను. మడత విప్పని రెండో చీర కట్టుకున్నాను. బియ్యం సంచి మూతి విప్పలేదు. అందరికంటే ముందే కిందికి దిగి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన ఎక్కి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏంది గిది? దిగు. అన్నం ఎవలు వండాలె?"

"బియ్యం గదిలనే ఉన్నయి. ఆకలైనోళ్లు వండుకుంటరు."

"నలుగుర్ల నా పరువు తీస్తున్నవ్."

"నిన్న నా పరువు తీసినప్పుడు గూడ గీ నలుగురే ఉన్నరు."

గైడ్ తలలు లెక్కపెట్టుకుని బస్సు కదలమన్నాడు. ఉమారాణి వచ్చి నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో ఉన్న చేతి మీద చెయ్యి వేసింది.

సముద్రం చూశాను. ఏమని చెప్పను? ప్రాణహితకు ఎంత వరదొచ్చినా అవతలి ఒడ్డున చెట్లు కనబడతాయి. ఇక్కడ అవతల ఏమీ లేదు. పడవ దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను. సంతోషమూ ఉంది, కోపమూ ఉంది. ఏది ఎంతో విడదీసి చెప్పలేను.

ఒంటిగంటకు గైడ్ అందరినీ ఒడ్డున ఉన్న హోటల్‌కు తీసుకెళ్లాడు. పామూ లేదు, కప్పా లేదు. అన్నం, గుడ్లు, ఏవో కూరలు గిన్నెల్లో తెచ్చి బల్ల మధ్యన పెట్టారు. ఆయన బస్సు కదిలినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడకుండానే, ఎప్పటి అలవాటు కొద్దీ, ఖాళీ ప్లేటు నా ముందుకు జరిపి ఎదురుచూశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లూ నా వైపే చూశారు.

గరిటె మీకే దగ్గరున్నదని ఆయనకు చెప్పి, నేను నా అన్నం కలుపుకున్నాను.