దొరసాని మీద ఏడు నెలలు

నేను ఒక ముసుగు గుడ్డను. విగ్రహం నిలబెట్టాక, పెద్దవాళ్లెవరో వచ్చి తాడు లాగేదాకా దాని మొహం కనిపించకుండా కప్పి ఉంచుతారే, ఆ పసుపు పచ్చ శాటిన్‌ను. పుట్టింది సూరత్ మిల్లులో. తెనాలిలో ఒక షామియానా కొట్టాయన నన్ను కొని, ముందు పెళ్లి స్టేజీ వెనక తెరగా కట్టాడు. సాంబారు మరక పడ్డాక మహానుభావుల సేవకు బదిలీ చేశాడు.

ప్రపంచ చరిత్రను మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు. నేను ఒంటికి రాసుకుని తెలుసుకున్నాను. కాలువ గట్టు మీద కాటన్ దొర టోపీ నాకు బాగా తెలుసు. కోచింగ్ సెంటర్ ముందు న్యూటన్ గారి జులపాల్లో చిక్కుకుని ఒక మూల చిరిగాను. లెనిన్ గారి సిమెంటు గడ్డం ఎంత గరుకో పార్టీవాళ్లక్కూడా తెలియదు. ఇంతమందిని కావలించుకున్నా నాకు దక్కిన మర్యాద ఒక్కటే. తాడు లాగగానే కింద పడతాను, జనం చప్పట్లు కొడుతూ నన్ను తొక్కుతారు. ఆ చప్పట్లు కూడా తాడు లాగినాయనకే పోతాయి.

ఒక ఏడాది నర్సుల స్కూలు వాళ్లకు ఫ్లారెన్స్ నైటింగేల్ విగ్రహం పెట్టాలని బుద్ధి పుట్టింది. యుద్ధంలో గాయపడ్డ సిపాయిలను దీపం పట్టుకుని తిరుగుతూ చూసుకున్న ఇంగ్లీషు దొరసాని ఆవిడ. విగ్రహాలు చేసే పానకాలుకు పని అప్పగించి, నమూనాగా ఒక జిరాక్సు కాగితం ఇచ్చారు. అందులో లాంతరు బాగానే పడింది. మొహం ఉండాల్సిన చోట మసి ఉంది.

పానకాలు రెండు రోజులు ఆ మసిని తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. మూడో రోజు కాగితం పక్కన పడేసి, తనకు తెలిసిన నర్సు మొహం చేసేశాడు.

ఆ నర్సు సువార్తమ్మ. స్కూలు పక్క ఆసుపత్రిలో పెద్ద సిస్టరు. పానకాలుకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై రోజులు బార్లీ నీళ్లు తాగించి, తాగనంటే తిట్టి, బతికించింది. ఆవిడ వెడల్పు ముక్కు, ఎడమ చెంప మీద పులిపిరి, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టుండే కనుబొమలు అన్నీ సిమెంటులోకి దిగాయి. స్కూలు ప్రిన్సిపాల్ మేడం చూస్తే మొహం మార్చమంటారని అతనికి తెలుసు. అందుకే షామియానా కొట్టు నుంచి నన్ను తెచ్చి కప్పి, తాడు బిగించి మరీ బండెక్కించాడు. ఆవిడ ఒకసారి చూస్తానంటే, "ముందే చూస్తే దిష్టి తగులుద్దమ్మా" అన్నాడు.

అతనికి కావలసింది ఒక్కటే. సువార్తమ్మ ఆ మొహం చూడాలి. కార్తీకం దాటితే ఆవిడ రిటైరై, కూతురి దగ్గరికి బళ్లారి వెళ్లిపోతుంది. మంత్రి గారేమో ఆవిష్కరణకు సరేనన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆయన పీఏ తేదీ ఇవ్వలేదు. ఎండలు పోయాయి, వానలు పోయాయి. స్కూలుకూ ఆసుపత్రికీ ఉమ్మడిగా ఉన్న గేటు దగ్గర ఏడు నెలలు నేను దొరసాని మొహానికి మొహం ఆనించి ఉన్నాను. పానకాలు వారానికోసారి సైకిలు మీద వచ్చి తాడు సరిచూసి, "ఇంకెన్నాళ్లే?" అని నన్నే అడిగేవాడు. నాకు జాలేసేది.

సువార్తమ్మ ఆఖరి డ్యూటీ రోజు వచ్చింది. మంత్రి గారు రాలేదు. మధ్యాహ్నం మెడలో చామంతి దండతో, నర్సులంతా వెంట రాగా, ఆవిడ గేటు వైపు నడుస్తోంది. పానకాలు గోడవార నిలబడి చూస్తున్నాడు. అంతలో ఈదురుగాలి లేచింది.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. గాలి వచ్చిన మాట వాస్తవమే గానీ, తాడు గట్టిదే. అంతకుముందు పెద్దమనుషులు లాగితే జారాను. ఆ రోజు నా అంతట నేనే జారాను.

నర్సులు విగ్రహాన్ని చూశారు, సువార్తమ్మను చూశారు, మళ్లీ విగ్రహాన్ని చూశారు. సువార్తమ్మకు ఇవేవీ పట్టలేదు. నేల మీద గుడ్డ పడి ఉంటే ఆవిడ ప్రాణం ఊరుకుంటుందా? వంగి నన్ను తీసి, దుమ్ము దులిపి, వార్డులో దుప్పటి మడిచినట్టు మూలకు మూల కలుపుతూ తలెత్తి చూసింది.

"ఏం పానకాలూ, దొరసాని ఇట్టా ఉంటదా? ఈవిడెవరో మన వార్డులో చేసిన మనిషి లాగుందే!"

"చేసిందమ్మా," అన్నాడు పానకాలు. "ముప్పయ్యారేళ్లు."

నన్ను మడుస్తున్న చేతులు ఆగిపోయాయి.