ఉప్పుమొక్కలు ఇంటికి వచ్చిన వారం

పొద్దున్నే టీ తాగి, కొడవలి నూరుకుని, మొక్కలు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత దూరం జరిగాయో చూసి రావడం మేస్త్రమ్మకు రోజూ ఉండే పనే. చౌడుబారిన పొలాల్లో ఉప్పుమొక్కలు కోసే పదిమంది ఆడవాళ్లకు ఆమె పెద్ద. ఆ మొక్కలు నేలలోని ఉప్పును వేళ్లతో పీల్చి బొద్దుబొద్దు ఆకుల్లో దాచుకుంటాయి. అక్కడ ఉప్పు తగ్గగానే వేళ్లు పైకి లాక్కుని, ఎక్కువున్న వైపు నాలుగడుగులు నడుస్తాయి. రోడ్డుకు అడ్డం వస్తే బస్సు ఆపి, అవి దాటాక పోనిస్తారు. ఆఫీసుకు ఆలస్యమైందని విసుక్కునేవాళ్లు ఉంటారు గానీ వింతగా చూసేవాళ్లెవరూ లేరు.

ఆకులు పచ్చగా ఉన్నంతసేపూ తాగుతున్నట్టు, ఎర్రబడితే నిండినట్టు. ఎర్రబడ్డాక కోసి, దూరంగా మోసుకెళ్లి పారెయ్యాలి. వదిలేస్తే ఆకులు రాలి, తాగిందంతా మళ్లీ నేలపాలే. పచ్చి మొక్క మీద కొడవలి వేస్తే అది మరి చిగురించదు. పదేళ్లలో మేస్త్రమ్మ పచ్చి మొక్కను ఒక్కటీ కొయ్యలేదు.

ఆ వారం మొక్కలు దారి తప్పాయి. పక్కనే తెల్లగా పేరుకున్న చౌడు వదిలేసి ఊరివైపు తిరిగాయి.

"ఎటు పోతున్నాయక్కా ఇవి?" అంది జట్టులో పొట్టామె.

మేస్త్రమ్మ తలెత్తి చూసింది. ఆ వరుసకు సూటిగా, రెండు వీధుల అవతల, తన ఇల్లే ఉంది.

ఇంట్లో తండ్రి మంచాన పడి ఉన్నాడు. ఊరంతా ఆయన్ని వాల్వు మామ అంటుంది. ముప్పై ఏళ్లు బోరు దగ్గర వాల్వు తిప్పింది ఆయనే. ఆ ఉప్పునీళ్లు పారీ పారీ పొలాలు తెల్లబడిపోయాయి. ఇప్పుడు ఆయన ఒంటికి నీరు పట్టింది. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. "ఒంట్లో ఉప్పు దిగట్లేదు, గుండె ఆ నీటిని మోయలేకపోతోంది. ఇక ఇంట్లోనే చూసుకోండి," అని డాక్టరు చెప్పి అయిదు రోజులైంది.

బుధవారం మొక్కలు వీధి మొదట్లో కనిపించాయి. గురువారం గుమ్మం ముందుకొచ్చాయి. ఆమె గడియ పెట్టి, తలుపు కింద గోనెసంచులు కుక్కింది. శుక్రవారం పొద్దున్న లేచేసరికి ఆ సందుల్లోంచే దూరి, మంచం చుట్టూ నిలబడి ఉన్నాయి. సన్నటి తెల్లటి వేళ్లు దుప్పటి కిందికి పాకాయి.

"నాన్నా! నొప్పిగా ఉందా?"

"లేదు. చల్లగా ఉంది." ఊపిరి కోసం ఆగాడు. "నాకోసమే వచ్చాయమ్మా. పొలాల్ని పాడుచేసింది నేనే కదా. తీసుకోనీ."

"నీళ్లు వదలమని అందరూ నీ గుమ్మం ముందే కూర్చునేవాళ్లు. నువ్వొక్కడివే చేశావా?"

"తిప్పిన చెయ్యి నాదే."

ఆమె కొడవలి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పొలమైతే ఎప్పుడు కొయ్యాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. మనిషి సంగతి ఏం తెలుసు? తొందరపడితే నీరు ఒంట్లోనే మిగిలిపోతుంది. ఆలస్యమైతే ఉప్పు బొత్తిగా పోతుంది, అది లేకపోతే మనిషి బతకడు. పొట్టామె వచ్చి గుమ్మంలోనే ఆగింది. "లోపలికి రావే," అంటే, "వద్దులే అక్కా, ఇక్కడే ఉంటా," అని అక్కడే చతికిలబడింది.

ఎండ మంచం కోడు దాకా పాకింది. ఆకులు ఉబ్బుతున్నాయి. పాదాల వాపు కళ్లముందే దిగి, చీలమండ ఎముక బయటపడింది. ఆమె ప్రాణం కాస్త కుదుటపడేలోపే తండ్రి మాట తడబడింది.

"వాల్వు కట్టెయ్... నీళ్లు పొర్లిపోతున్నాయి..."

ఆయన చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆమె మొక్కల వైపు చూసింది. ఒక్క ఆకూ ఎర్రబడలేదు.

"ఇంకా పచ్చివే అక్కా!" అని గుమ్మంలోంచి అరిచింది పొట్టామె. "కోస్తే చచ్చిపోతాయి!"

మేస్త్రమ్మ తండ్రి కాలి మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. పడ్డ గుంట వెంటనే పూడిపోయింది.

"చాలు," అంది, మొక్కలతోనో తండ్రితోనో.

ఆయన కళ్లు సగం తెరిచాడు. "పోనియ్యమ్మా నన్ను."

"నేలలోంచైనా మొత్తం తీసెయ్యం నాన్నా. కొంచెం ఉంచుతాం."

కొడవలి వేసింది. కోసిన మొక్క కోసినట్టే ఒరిగిపోయింది. వేళ్లు దుప్పటి కిందనుంచి దారప్పోగుల్లా జారిపడ్డాయి. తండ్రి కదల్లేదు. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, చెంచాడు చెంచాడుగా ఆయన నోట్లో పోసింది. మొదటి చెంచా పెదవి పక్కనుంచి కారిపోయింది. రెండోదీ అంతే. మూడోది మింగాడు.

చాలాసేపటికి ఆయనకు మాట వచ్చింది.

"భయమేసిందమ్మా."

"నాక్కూడా," అని అప్పుడు ఏడ్చింది.

కోసిన మొక్కల మోపు ఎత్తడం ఆమె, పొట్టామె ఇద్దరి వల్లా కాలేదు. గోనె మీద వేసి చౌడు దాటే దాకా ఈడ్చుకెళ్లారు.

వాల్వు మామ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. పొద్దున్నే కూతురి వెంట పొలానికి పోయి, గట్టు మీద కూర్చుని, "ఇక్కడ నీళ్లు నిలిచేవి, ఇక్కడ ఉప్పుమొక్కల విత్తనం ఎక్కువ చల్లండి," అని చూపించేవాడు. ముప్పై ఏళ్లు పారించిన ప్రతి కాలువా ఆయనకు గుర్తే. ఆయన చూపించిన చోటల్లా ఉప్పు తగ్గి గడ్డి మొలిచింది. మొక్కలు తనవైపు తిరిగినప్పుడు మాత్రం మాట ఆపేసి కూతురి చెయ్యి పట్టుకునేవాడు. అవి పక్కకు మళ్లేదాకా ఆమె కొడవలి దించేది కాదు.