పొట్ట చుక్కల పుస్తకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, మా తమ్ముడు ఊరంతా చాటిపెట్టాడు. వాడి మీద అరిచినంతగా నేను ఎవరి మీదా అరవలేదు. వాడు పడినట్టు ఎవరూ పడలేదు కూడా. ఆ కోపం చివరికి ఏం చేసిందో ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నాకు కంటికి కునుకు పట్టేలా లేదు.

మాది అడవి అంచున రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో నా బల్ల, కంప్యూటరు, తలుపు సరిగా పడని ఇనప బీరువా. వెనక గదిలో గాజు తొట్లు. గుమ్మం పక్కన బ్లీచింగు నీళ్ల టబ్బు, దాని పైన గోడకి నా చేతిరాతతో అంటించిన కాగితం: "బూట్లు కడగనివాళ్లు ఎవరైనా సరే బయటే." ఎవరైనా సరే అన్న మాట కింద రెండు గీతలు గీశాను. కప్పల చర్మానికి పట్టే జబ్బు ఒకటుంది. అది బూట్ల మట్టిలో ఒక వాగు నుంచి ఇంకో వాగుకి ప్రయాణం చేస్తుంది. అది తగిలి చుట్టుపక్కల వాగులన్నీ మూగబోయాయి. మా కప్ప మిగిలింది ఒక్క వాగులోనే. బొటనవేలంత ఉంటుంది, వీపు తడిసిన ఎండుటాకు రంగు, పొట్ట తెల్లన, దాని నిండా నల్ల చుక్కలు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఆ చుక్కలే మాకు ఆధారం. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు కప్పల పొట్టలూ ఒకేలా ఉండవు. మా తమ్ముడు వాగుకి కాపలాదారు. వాడు కప్పని పట్టి, చేతి తొడుగులతో వెల్లకిలా తిప్పి, పొట్ట ఫోటో తీసి, పట్టిన రాయి మీదే వదిలేసి వస్తాడు. నేను ఆ ఫోటోని పుస్తకంలో ఉన్నవాటితో పోల్చి చూస్తాను. తెలిసినదైతే దాని నంబరు కింద తేదీ వేస్తాను, తెలియనిదైతే కొత్త నంబరు ఇస్తాను. రెండేళ్లు కనబడకపోతే నంబరు కొట్టేస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. నా పుస్తకంలో ఎన్ని నంబర్లుంటే లోకంలో అన్ని కప్పలున్నట్టు లెక్క.

రెండేళ్ల కిందట ఆ లెక్క పదమూడుకి దిగింది. మిగిలినవాటికి మళ్లీ ఒకటి నుంచి వరసగా నంబర్లు వేసుకున్నాను. నాలుగు ఆడవి, తొమ్మిది మగవి. ఏ జంతువు ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే పెద్ద జాబితాలో మా కప్పది ఆఖరి మెట్టు. ఆ మెట్టు కూడా దిగితే ఇక మిగిలేది అంతరించిపోవడమే.

తమ్ముడికి నా నంబర్లు బుర్రకెక్కవు. ఆడవాటికి వాడే పేర్లు పెట్టుకున్నాడు: బొద్దమ్మ, కుంటిది, పెళ్లికూతురు. నాలుగోదాని పేరు అక్క. పట్టుకోబోతే ఒళ్లంతా ఉబ్బించి, నాలుగు కాళ్ల మీదా లేచి, వాడి వంక గుర్రుగా చూస్తుందట. అచ్చం నువ్వే అంటూ ఆఫీసులో అందరి ముందూ నన్ను ఆటపట్టించేవాడు. పైకి తిట్టేదాన్ని గానీ, ఆ కప్ప ఫోటో వచ్చినప్పుడల్లా నాకు లోపల సంతోషంగానే ఉండేది.

అప్పుడే మా ఆఫీసుకి పై అధికారిగా డాక్టరమ్మ వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, కప్పల మీదే చదువుకున్న మనిషి. తిప్పిన ప్రతిసారీ కప్పలు బెదిరిపోయి రెండు రోజులు తిండి మానేస్తున్నాయని, ఇక వాటిని తిప్పకుండా ఫోటో తీసే దారి చూడమని చెప్పింది. ఉపాయం నాకే తట్టింది. గాజు అడుగు ఉన్న పెట్టె, దాని కింద ఏటవాలుగా నా చేతి అద్దం. కప్ప తన కాళ్ల మీద తానే నిలబడి ఉంటుంది, పొట్ట అద్దంలో కనబడుతుంది, ఆ అద్దాన్ని ఫోటో తీస్తే చాలు. డాక్టరమ్మ నన్ను తెగ మెచ్చుకుంది. నేను గాల్లో తేలిపోయాను. అద్దానికి ఆవిరి పట్టిన రోజుల్లో మాత్రం తమ్ముడు పాత పద్ధతిలోనే తీసేవాడు.

ఆ వానాకాలం కొత్త కప్పలు రావడం మొదలైంది. మొదటిది చూసిన రోజు కుర్చీలోంచి లేచి డాక్టరమ్మని వాటేసుకున్నాను. తర్వాత ఇంకొకటి, మరి రెండు. వానలు ముగిసేసరికి పదకొండు కొత్త నంబర్లు, అందులో నాలుగు ఆడవి. మొత్తం ఇరవై నాలుగు. అంతకుముందు ఏడేళ్లలో ఒక్క కొత్త నంబరు వేయని చెయ్యి నాది. కళ్లు నెత్తికెక్కడానికి అంతకన్నా ఏం కావాలి?

ఒకరోజు తమ్ముడు గుమ్మం దగ్గర బూట్లు కడుక్కుంటూ నసిగాడు.

"అక్కా, ఇవి కొత్తవి కావేమో. రోజూ నడిచే వాగు కదా, పదకొండు వచ్చి చేరితే నాకు తెలియదా? ఈ పద్దెనిమిదో నంబరుంది చూడు, ఇది మన అక్కే. అదే ఉబ్బడం, అదే రాయి."

నేను రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. అక్కకి చుక్కల గుంపు ఎడమ పక్కన ఉంది, దీనికి కుడి పక్కన. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే రకం కాదు.

"కళ్లుండే మాట్లాడుతున్నావా? ఎనిమిదో క్లాసు గట్టెక్కనివాడివి, నాకు చెప్పొస్తున్నావా? నువ్వు ఫోటోలు తియ్యి, చూడ్డం నాకు వదిలెయ్యి."

డాక్టరమ్మ అక్కడే ఉంది. వాడి మొహం మాడిపోయింది. కడిగిన బూట్లనే మళ్లీ కడిగాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మాకో నిబంధన ఉంది. వాగులో ఎనిమిది ఆడవి తేలితే, సగాన్ని నగరంలోని పెంపక కేంద్రానికి పంపించి అక్కడ గుడ్లు పెట్టించవచ్చు. ఒక్క వాగునే నమ్ముకోకుండా ఇంకో చోట కూడా వంశం నిలబెట్టాలని దాని ఉద్దేశం. మాకు సరిగ్గా ఎనిమిది తేలాయి. ఏవి పంపాలో ఎంచే పని నాదే. కొత్తవి వయసులో ఉన్నవి, వాటిని వాగులోనే ఉంచుదాం, పాతవి నాలుగూ పోనీ అన్నాను. తోడుగా రెండు మగవాటిని రాశాను. అక్కని కూడా పంపించాలా అని తమ్ముడు అడిగాడు. ముందు దాన్నే పట్టుకురమ్మన్నాను. నాలుగు రోజుల్లో ఆరింటినీ తెచ్చి, తడి నాచు పరిచిన డబ్బాల్లో తన చేతులతోనే సర్ది పంపాడు.

తొమ్మిదో రోజున కబురొచ్చింది. అక్కడి తొట్టి నీళ్లు పడక ఆరూ చచ్చిపోయాయి. ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు. తమ్ముడు వాగు గట్టున కూర్చుని ఏడ్చాడని విన్నాను. పుస్తకంలో ఆ ఆరు నంబర్లూ కొట్టేశాను. అయినా వాడికి ధైర్యం చెప్పాను. వాగులో ఇంకా నాలుగు ఆడవి ఉన్నాయిలే, మళ్లీ పెరుగుతాయి అన్నాను.

ఇదంతా పోయిన ఏడాది మాట. ఆ తర్వాత ఆ నాలుగు ఆడవీ ఫోటోకి చిక్కలేదు, రెండేళ్లు కాలేదు కదా అని వాటి నంబర్లు ఉంచేశాను. ఇప్పుడు చెప్పేది మొన్నటి సంగతి.

ఆ రోజు సాయంత్రంలోపు జాబితా వాళ్లకి మా నివేదిక వెళ్లాలి. ఆరు పోయినా పద్దెనిమిది మిగిలాయి, పదమూడు నుంచి అంత పెరిగాయంటే కప్ప కోలుకుంటున్నట్టే, కాబట్టి ఒక మెట్టు పైకి మార్చాలని అందులో రాశాం. మెట్టు మారితే వాగుకి కాపలా తీసేస్తారు, అవతలి క్వారీ లారీలకి వాగు దాటే దారి వదులుతారు. డాక్టరమ్మకి అది ఇష్టం లేదు. కానీ మంచి కబురుని దాచిపెట్టలేం కదా అంది. తమ్ముడు కూడా పొద్దున్నే ఫోను చేశాడు. వాగు హోరెత్తిపోతోందట, పట్టపగలే అరుస్తున్నాయట, ఇన్నేళ్లలో అంత గొంతు ఎప్పుడూ వినలేదట. వాడి సంతోషం చూసి నేనూ మురిసిపోయాను.

నివేదికకి ఫోటోలు జత చేస్తున్నాను. పద్దెనిమిదో నంబరు ఫోటో ఒక మూల తొడుగు లేకుండా పెట్టెని పట్టుకున్న తమ్ముడి చెయ్యి పడింది. అది తీసేద్దామని బొమ్మ పెద్దది చేశాను. కుడి చెయ్యి. చిటికెన వేలికి పై కణుపు లేదు.

మా తమ్ముడికి ఆ కణుపు లేనిది ఎడమ చేతికి. నాకంటే ఎవరికి బాగా తెలుసు? వాడికి నాలుగేళ్లప్పుడు తలుపు సందులో పడి తెగింది. కోపంలో ఆ తలుపు విసురుగా వేసింది నేనే.

ఆ బొమ్మని కుడిఎడమలు తారుమారు చేశాను. తమ్ముడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది. పొట్ట మీద చుక్కల గుంపు కుడి నుంచి ఎడమకి వచ్చింది. నా కంప్యూటరులో అక్క వెల్లకిలా పడుకుని ఉంది.

రోజూ పొద్దున అద్దంలో చూసుకుని పాపిడి తీసుకునేదాన్ని. నా ఎడమ అద్దంలో కుడి అవుతుందని చిన్న పిల్లలకి కూడా తెలుసు. పదకొండేళ్లు చుక్కలు చూసిన నాకు తట్టలేదు. మిగతావీ తిప్పాను. పదిహేనోది బొద్దమ్మ. పంతొమ్మిదోది పెళ్లికూతురు. ఇరవై మూడోది కుంటిది. పదకొండు కొత్తవాటిలో ఒక్కటి కూడా కొత్తది కాదు. ఆవిరి పట్టిన రోజుల్లో పాత నంబరు, పట్టని రోజుల్లో కొత్త నంబరు, ఒక్కో కప్పకీ నేను రెండు బతుకులు రాశాను. పంపిన ఆడవి నాలుగు, ఉన్నవే నాలుగు.

డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను. పుస్తకం ఆమె ముందు పెట్టి, బొమ్మలు ఒక్కొక్కటీ తిప్పి చూపించాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. అద్దం చూసినప్పుడు తనకీ తట్టాల్సింది, సంతకం తనది కూడా అంది. నివేదికని చింపేసింది. ఆడవి సున్నా, మగవి ఏడుకి మించవు, మెట్టు మారదు, కాపలా ఉండాలి అని కొత్తది తనే రాసింది. వాగులో మన కంటపడని ఆడది ఇంకొకటి ఉండొచ్చు, వెతుకుదాం అని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

తమ్ముడికి చెప్పాలి. ఫోనులో చెప్పే ధైర్యం లేదు, ఇంటికొచ్చేదాకా ఆగే ఓపికా లేదు. బూట్లు కడుక్కుని నేనే వాగుకి నడిచాను. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. మలుపు తిరగకముందే అరుపులు వినిపించాయి. జత దొరికిన మగ కప్ప నోరు మూసుకుంటుంది. దొరకనిదే రోజంతా పిలుస్తూ ఉంటుంది. ఈ పాఠం తమ్ముడికి చెప్పింది నేనే. పొద్దున ఫోనులో ఆ హోరు గురించి విని మురిసిపోయిందీ నేనే.

వాడు రాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, మొహం ఇంత చేసుకుని, విన్నావా అన్నట్టు వాగు వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యే, ఎడమ చెయ్యి.

"ఆడవి లేవురా," అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. అవి అక్కే, బొద్దమ్మే. ఉన్న నాలుగింటినీ నేనే పంపించేశాను."

అద్దం సంగతి చెప్పాను. చెయ్యి సంగతి చెప్పాను. వాడు తన చిటికెన వేలి వంక చూసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. పుట్టి బుద్ధెరిగాక నన్ను తిట్టే హక్కు వాడికి వచ్చింది ఆ ఒక్క రోజే. ఆ ఒక్కసారి తిడితే పడాలని, నోరెత్తకుండా పడాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

వాడు మళ్లీ రాయి మీద కూర్చున్నాడు. ఆ ఏడింటి గొంతులే వినబడుతున్నాయి, ఒకటి ఆపితే ఇంకొకటి.

"తప్పు నాదే అక్కా," అన్నాడు చివరికి. "ఆ రోజు నువ్వు కోప్పడ్డావని ఊరుకున్నాను. ఇంకొక్కసారి చెప్పాల్సింది."