గట్టి అని రాసిన స్తంభం

ఆ ఏడాది వంతెనలు నా కలలోకి రావడం మొదలుపెట్టాయి. ఆస్పత్రిలో చీటీలు పట్టుకున్న ముసలివాళ్ళలా వరసగా నిలబడేవి. మా రహదారి మీద ఉన్నవి నలభై, ఈసారి బాగుచెయ్యగలిగేవి తొమ్మిది. వేటిని ముందు పిలవాలో తేల్చాల్సింది నేను. లోపం ఇప్పుడే పట్టుకుంటే చిన్న మరమ్మతుతో సరి. లేకపోతే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నట్టే.

జాబితాకి ఆధారం అంతకుముందేడు రిటైరైన మా మామగారి రిజిస్టర్లు. ముప్పయ్యేళ్ళు సుత్తితో కాంక్రీటు కొట్టి విన్న మనిషి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడిపోతే బోలుగా పలుకుతుంది. నాకు సుత్తి పట్టడం నేర్పిందీ ఆయనే. ఆయన రాసిందంటే ఆఫీసులో శిలాశాసనం.

పందొమ్మిదో వంతెన మూడో స్తంభానికి ఆయన వరసగా ఆరేళ్ళు 'గట్టి' అని రాశారు. నేను కొడితే బోలుగా పలికింది. నా చెవుల మీద నాకే అనుమానమొచ్చి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

పొగమంచులో ఏరు కనిపించడం లేదు. పైన లారీలు ఎక్కడో మేఘాల్లో నడుస్తున్నట్టున్నాయి. మామగారు స్తంభాన్ని కొట్టి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

"విన్నావా అమ్మాయ్? ఖంగుమంది!"

అది ఖంగుమనలేదు. వెనకనుంచి "మామయ్యా" అన్నాను. తిరగలేదు. ఇంట్లో పిలిస్తే పలకనప్పుడల్లా ఈయనకెంత పొగరని మూతి ముడుచుకున్నదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

నోరు మూసుకుంటే ఆయన పేరు నిలుస్తుంది. స్తంభం నిలవదని నాకు తెలుసు.

ఆయన అరచేతిని పక్క స్తంభానికి ఆనించి, స్తంభాన్ని సుత్తితో కొట్టాను. కదలిక లేదు. ఆయన తలూపారు. తర్వాత మూడోదానికి ఆనించి కొట్టాను. చేతికింద పైపొర వణికింది. ఆయన ముఖంలో నవ్వు మెల్లమెల్లగా వెళ్ళిపోయింది.

"నాకు వినిపిస్తోందనే అనుకున్నానమ్మా," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. పెదాలు కనబడేలా ఎదురుగా నిలబడ్డాను. "ఈ ఒక్కటీ నేను సరిచేసి రాస్తాలే మామయ్యా."

"ఒక్కటేంటి, పిచ్చిదానా!" సుత్తి నా చేతిలో పెట్టారు. "ఆ ఆరేళ్ళలో నేను గట్టి అని రాసినవన్నీ మళ్ళీ కొట్టు. నేనూ వస్తా. నువ్వు విను, నేను పట్టుకు చూస్తా."

అలాంటి వంతెనలు ఇరవై ఆరున్నాయి. పైన మేఘాల్లో లారీలు నడుస్తూనే ఉన్నాయి.