ఇనుములో పోయిన కరెంటు

మా చెల్లెలు రాజామణి మొగుడు పరశురాముడికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. షిప్‌యార్డులో వెల్డింగు చేసిన మనిషి. ఇప్పుడు ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. సెంగ్‌కాంగ్ పేటలో వాళ్ళ ఫ్లాటే లోకం.

ఒక్కటే అడిగేవాడు. పేరాక్‌లో సరిహద్దు అవతల, తోట కూలీలుండే లైన్ల ఇళ్ళ పక్కన వాళ్ళక్క చెన్నమ్మ ఉంది. తల్లి పోతే తనను పెంచిన అక్క. పక్షవాతం, ఆమె రాలేదు. తనే పోయి ఒకసారి చూడాలి. దారికి సిలిండర్లు చాలుతాయి. ఆ తోటలో మాత్రం కరెంటు వస్తుంది, పోతుంది. అక్కడ ఉన్నంతసేపు మిషను ఆడే ఏర్పాటు ఉంటే పోవచ్చన్నాడు డాక్టరు.

అందుకని మేనల్లుడు యోగేశ్వరన్ పాత ట్రైలరు కొన్నాడు. కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు. లోపల మంచం, బ్యాటరీ, ఆ బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు. మిషను పెట్టిన కాసేపటికి దీపం మసకబారేది, ఇన్వర్టరు కుయ్యిమని ఆగిపోయేది. కొత్త బ్యాటరీ వేశాడు. మళ్ళీ అంతే. నన్ను పిలిచాడు. నాది వైరింగు పని.

బూన్ లే వైపు ఒక షెడ్డులో ఉంది బండి. చెల్లెలు కూడా వచ్చింది.

"బ్యాటరీ కొత్తదే మామా. ఇన్వర్టరే పోయింది. ఇంకోటి కొనేద్దాం."

"ఉండు."

"మీరు ఉండమన్నారంటే సాయంత్రం దాకా ఉండాలి," అని వాడు పక్కకి జరిగాడు.

మిషను ఆడుతుండగానే మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర బాగానే ఉంది. ఇన్వర్టరు దగ్గరికొచ్చేసరికి పడిపోతోంది. మధ్యలో ఎక్కడో పోతోందన్నమాట. పోయే వైరు పొడుగునా చూశాను, దోషం లేదు. తిరిగొచ్చే వైరు కోసం వెతికితే అసలు వైరే లేదు. చేసినవాడు వైరు మిగుల్చుకుని బండి ఇనుమునే దారి చేశాడు. బండిని కారుకి తగిలించే కొక్కెం దగ్గర బ్యాటరీ వైరును ఒక బోల్టుతో ఇనుముకి బిగించాడు, అంతే.

ఆ బోల్టు విప్పాను. కింద పచ్చగా చిలుము. చిలుము మీద పసుపూ కుంకుమా పేరుకుని ఉన్నాయి.

ప్రతి శుక్రవారం చెల్లెలు రైలెక్కి వచ్చి అక్కడే కొబ్బరికాయ కొట్టేది. బండికి ముందు భాగం అదే కదా. కొబ్బరినీళ్ళూ పసుపునీళ్ళూ ఆ బోల్టు మీదే పడేవి.

యోగేశ్వరన్ వంగి చూశాడు. "అయ్యో అమ్మా, నువ్వేనా..."

వాడి చేతికి స్పానరు ఇచ్చాను. అయినా చెల్లెలు చూసేసింది.

"నేను పోసిందేనా అన్నా?"

"తడి తగిలింది."

"అక్కడికి పోయాక ఆగుంటే? ఆ తోటలో, ఆసుపత్రి ఎక్కడో ఉంటే, ఆయనకి ఊపిరాడక..."

ఆమె బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"ఇకమీద చక్రం దగ్గర కొట్టు," అన్నాను.

"ఇంక కొట్టను."

"కొట్టు. రబ్బరుకేం కాదు."

ఇనుముని నమ్మకుండా బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకి లావుపాటి వైరు కొత్తగా లాగాను. మిషను పెట్టాం. దీపం కదల్లేదు.

మర్నాడు బావ పరశురాముణ్ణి తీసుకొచ్చారు. ఖాళీ మిషను ఆడితే తను నమ్మడట. సిలిండరు అందేలా పెట్టుకుని, మిషను గొట్టం తనే తగిలించుకుని మంచం మీద పడుకున్నాడు.

"ఇది ఆగిందో, నీ పేరే చెప్పి పోతాను బావా."

"ఆగదు."

"మాటలు కూడా మీటరు పెట్టి కొలిచి వదుల్తావు," అన్నాడు. అన్నాక చాలాసేపు ఆయాసపడ్డాడు. మధ్యాహ్నానికి నిద్రపోయాడు. మిషను ఆడుతూనే ఉంది. నేను పక్కనే కూర్చున్నాను.

ఆ వారమే బయల్దేరాం. బావ కారులో, సిలిండరుతో. చెన్నమ్మ ఇంటి ముందు బండి ఆపి, బావను మంచం మీదికి చేర్చి మిషను వేశాం. అనుకున్నట్టే ఆ ఇంట్లో కరెంటు లేదు. మనవలు చెన్నమ్మను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి బండి తలుపులో దించారు. ఆమె తమ్ముణ్ణి చూసింది, గొట్టాన్ని చూసింది. చెవులు సరిగా వినపడవు.

"ఏంట్రా ఆ మోటారు? ఆపించు. నీ మాట వినపట్టంలేదు."

రాజామణి నా చెయ్యి పట్టుకుంది.

"అది ఆపితే నాకు మాటే ఉండదక్కా," అన్నాడు బావ.

ఆ మాట మనవడొకడు ఆమె చెవిలో గట్టిగా చెప్పాడు.

"అయితే ఆడనీ," అంది. కుర్చీ ఇంకా దగ్గరికి జరిపించుకుంది. పని చేసే చెయ్యి తమ్ముడి గుండె మీద పెట్టి, చెవి వాడి నోటి దగ్గరికి వంచింది.

"ఇప్పుడు చెప్పు."