పసుపు కాగితం

ఆ ఆదివారం ఉదయం నా చొక్కా జేబులో పన్నెండు పసుపు కాగితాలు ఉన్నాయి. వాటి సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవుల్లో ఒక రోజు బాపట్ల బీచి రోడ్డులో కొత్తగా కట్టిన వాటర్ పార్కుకు తీసుకెళ్ళాలని మా మనవరాలు సింధు పట్టుబట్టింది. మా అమ్మాయి సుజన, అల్లుడు జీవన్ కుమార్ పిల్లను వెంటబెట్టుకుని రేపల్లె నుంచి పొద్దున్నే బండిలో తెనాలి వచ్చారు. నేనూ నా భార్య కుసుమకుమారీ స్టేషన్లో వాళ్ళను కలుసుకున్నాం. అక్కడి నుంచి అందరం బాపట్ల బండి ఎక్కాం. ప్రయాణం క్షేమంగా సాగాలని కుసుమ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అది ముగిసేదాకా మాట్లాడకుండా ఉండటం నలభై ఏళ్ళుగా నా మర్యాద. నా నమ్మకం పట్టాల మీద, డ్రైవరు మీద.

"నాన్న వాటర్ పార్కుకి బయల్దేరాడంటే నాకింకా నమ్మకం కుదరట్లేదమ్మా," అంది సుజన.

"దిగుతానని ఎవరన్నారు? చూడ్డానికి వస్తున్నాను."

"సూర్యలంక బీచికి వెళ్ళినా చెప్పుల్లో ఇసుక పడకుండా తిరిగొచ్చిన మనిషి మావయ్యగారు," అన్నాడు జీవన్. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఆ పార్కు ప్రకటనలో యజమాని పేరు, ఫొటో చూసిన రోజు నుంచి నా మనసు నవ్వు మీద లేదు. చెంచురామయ్య. కాకుమాను అవతల మా ఊరి మోతుబరి కొడుకు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కాలవకు నీళ్ళు వదిలిన మొదటి రోజు, ఊరి రేవులో మూడో మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. ఆ రేవు మా పేట వాళ్ళది కాదు. మాకు దిగువన బురదగట్టు ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన చెంచురామయ్య వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుని నన్ను ముంచాడు. గట్టు మీద అతని స్నేహితులు అంకెలు లెక్కపెట్టారు. తొమ్మిది దాకా నాకు వినిపించాయి.

అంతటితో ఆగితే పిల్లచేష్ట అనుకుని మరిచిపోయేవాడినేమో. సాయంత్రం మా అమ్మ కొండమ్మను పిలిపించి, నేను కూర్చున్న మెట్లు కడిగించి, కడివెడు పసుపు నీళ్ళు ఆమె చేతనే చల్లించారు. శుద్ధి అన్నారు. అమ్మ నడుం వంచి రాతిని రుద్దుతుంటే చెంచురామయ్య పై మెట్టు మీద నిలబడి, "అక్కడింకా కడగలేదు," అని వేలు చూపించాడు.

ఆ తర్వాత నేను ఏ కాలవలోనూ, ఏ చెరువులోనూ, సముద్రంలోనూ దిగలేదు. రసాయనశాస్త్రం చదివి ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. ఏ తరగతికైనా నా మొదటి ప్రయోగం పసుపు కాగితమే. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన కాగితం మంచినీళ్ళలో ముంచితే పసుపుగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు కనిపెట్టగలిగింది అంతవరకేననీ, మనిషి మైల దానికి తెలియదనీ పిల్లలకు చెప్పేవాడిని.

ఇలాంటి కొలనుల్లో బ్లీచింగ్ పౌడరు అంచనా లేకుండా కుమ్మరిస్తే నీళ్ళలో క్షారం పెరుగుతుంది. కళ్ళు మండుతాయి. పైగా క్లోరిను క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది. జనం నిండిన ఆదివారం నాడు, అతని నీళ్ళు పనికిరావని అతని ఎదుటే పసుపుతో చూపించాలన్నది నా కోరిక. అందులో పరోపకారం ఏమీ లేదు. అతను తల దించుకోవాలి, నేను చూడాలి.

పార్కు గేటుకు గుమ్మడికాయ, నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. లోపల, చీరతో నీళ్ళలోకి రానివ్వరని తెలిసి కుసుమ గొడవ పెట్టుకుంది.

"ఈ వయసులో నాకీ నైలాను లాగూ ఏంటే సుజనా? చర్చి వాళ్ళెవరైనా చూస్తే?"

"వాళ్ళూ ఇదే లాగూలో ఉంటార్లే అమ్మా. నిన్ను చూసి వాళ్ళే దాక్కుంటారు."

కాసేపటికి వాళ్ళంతా అలల కొలనులో కేకలు పెడుతున్నారు. నేను గట్టు మీద కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా, గొడుగు నీడన, తెల్లచొక్కాలో చెంచురామయ్య ఉన్నాడు. పక్కన అతని మనవరాలు లిఖిత, సింధు ఈడు పిల్ల, మామిడికాయ ముక్కలు తింటోంది. గట్టు తుడుస్తున్న ఒకామెకు అతను వేలు చూపించి, "అక్కడింకా తుడవలేదమ్మా," అన్నాడు.

గొంతు మారింది. వేలు మారలేదు.

సింధు పైకి వచ్చి కళ్ళు నులుముకుంది. "మంటగా ఉంది తాతయ్యా."

నేను ఎదురుచూస్తున్నది అదే. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి ఆమెకిచ్చాను. "కొలనులో నీళ్ళు ముంచుకురా."

ఆమె తెచ్చిన గ్లాసులో కాగితం ముంచాను. రెండు క్షణాల్లో అది ఇటుక రంగుకు తిరిగింది. ఆ ఎరుపు చూడగానే నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కాగితం పైకెత్తి పట్టుకుని, తరగతిలో చివరి బల్ల దాకా వినిపించే గొంతుతో చెప్పాను. "ఈ నీళ్ళలో క్షారం మితిమీరింది. పిల్లల్ని బయటికి పిలవండి!"

తల్లులు పిల్లల్ని లాక్కుని గట్టెక్కారు. నా చుట్టూ యాభై అరవై మంది మూగారు. "ఆయన సైన్సు మాస్టారంట," అని ఎవరో అన్నారు. "మా వాడి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి," అని ఇంకొకామె అందుకుంది. జనాన్ని తప్పించుకుంటూ చెంచురామయ్య వచ్చాడు. ఎర్రబడ్డ కాగితం చూశాడు. ముఖం పాలిపోయింది.

"మాస్టారూ, కొలను ఇప్పుడే మూయిస్తానండి. కొత్తగా పెట్టాం, పొరపాటు జరిగి ఉంటుంది. కాస్త నెమ్మదిగా చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. యాభై ఏడేళ్ళు కోరుకున్న దృశ్యం అది. ఎంతసేపు చూస్తే తనివి తీరుతుందో తెలియక అలాగే చూస్తున్నాను.

అప్పుడు సింధు నా చెయ్యి లాగింది. నా జేబులోంచి ఒక కాగితం తీసుకెళ్ళి తిన్నగా కొలనులోనే ముంచి తెచ్చింది. "ఇది ఎర్రబడట్లేదు తాతయ్యా," అంది, నాకు మాత్రమే వినిపించేలా.

పసుపు కాగితం పసుపుగానే ఉంది.

గ్లాసు ఖాళీ చేసి లోపలికి చూశాను. అంచు కింద తెల్లటి చార. ఉదయం బండి తొందరలో కుసుమ సర్ఫుతో తోమిన గ్లాసు, సరిగ్గా కడగలేదు. వాటర్ బాటిలు నీళ్ళు అందులో పోసి ఇంకో కాగితం ముంచాను. అదీ ఎర్రబడింది. ముందుగా మామూలు నీళ్ళతో సరిచూడకుండా ఏ ఫలితమూ నమ్మవద్దని వేలమంది పిల్లలకు చెప్పిన వాడిని, కోరుకున్న రంగు కనిపించగానే ఆగిపోయాను. వంగి నా చేత్తో కాగితాన్ని కొలనులో ముంచి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. ఆ నీళ్ళు తాకలేకే గ్లాసు వాడాను.

ఎవరూ గమనించలేదు. గ్లాసు సంచిలో వేసుకుని వెళ్ళిపోతే ఆ పార్కు ఈ వేసవిలో కోలుకోదు. నా ఎదుట అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. సింధు నా ముఖంలోకి చూస్తోంది.

"ఆగండి," అన్నాను. "నా ప్రయోగం తప్పు. సబ్బు గ్లాసులో ఉంది, నీళ్ళలో లేదు. ఈ పరీక్షలో కొలను నీళ్ళకు వంక లేదు."

ఎవరో పగలబడి నవ్వారు. "రిటైరైనా బడి వదల్లేదయ్యా మాస్టారు!" జీవన్ తల పట్టుకున్నాడు. చెంచురామయ్య చేతులు విడదీశాడు. ముఖంలోకి రక్తం వచ్చింది.

"ఇంతమందిలో నా పరువు తీసి, ఇప్పుడు తప్పంటే సరిపోద్దా? అసలెవరండీ మీరు?"

"దేవదానాన్ని. కొండమ్మ కొడుకుని. మీ ఊరి రేవులో మూడో మెట్టు."

అతను గుర్తుపట్టాడు. కళ్ళు ముందు గుర్తుపట్టాయి.

"నా తప్పు నేను అందరి ముందూ చెప్పాను. మీదొకటి ఉంది," అన్నాను. రేవు సంగతి, అంకెల సంగతి, పసుపు నీళ్ళ సంగతి, వేలి సంగతి, ఒక్క విశేషణం లేకుండా, ప్రయోగం వివరించినట్టు వరసగా చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకూ నేను ఎప్పుడూ చెప్పలేదు.

"అప్పుడు నాకు పదకొండేళ్ళు మాస్టారూ," అన్నాడు చెంచురామయ్య, గొంతు తగ్గించి. "పిల్లతనం. కూర్చుని మాట్లాడుకుందాం రండి. ఆఫీసులో ఏసీ ఉంది."

"మా అమ్మకు ముప్ఫై ఏళ్ళు. ఆమె నిలబడే ఉంది."

జేబులో మిగిలిన కాగితాలు సింధు చేతిలో పెట్టి, చెప్పులు విడిచి కొలను మెట్లు దిగాను. మొదటి మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద, ప్యాంటూ చొక్కాతోనే, నడుం లోతు నీళ్ళలో కూర్చున్నాను. కాపలా కుర్రాడు విజిల్ ఊదాడు. "సార్, ఆ బట్టల్తో దిగకూడదండీ!" అని అరిచి, యజమాని వైపు తిరిగాడు.

చెంచురామయ్య వేలు ఎత్తలేదు.

"నేను వెళ్ళాక కడిగించుకోండి," అన్నాను. "పసుపు మా మనవరాలి దగ్గర ఉంది."

ఆ కాగితాలు గుప్పిట్లో పట్టుకుని సింధు వచ్చి నా పక్కన కూర్చుంది. గట్టు మీది జనం కదల్లేదు. వాళ్ళ మధ్య నుంచి లిఖిత ముందుకొచ్చి చెంచురామయ్య చొక్కా అంచు పట్టుకుంది.

"తాతయ్యా, ఆయన వాళ్ళమ్మతో మెట్లు కడిగించారా? నువ్వు చూపించావా?"

చెంచురామయ్య నా వైపు చూశాడు. పోనీలే అని నేను ఒక్క మాట అంటే ఆ పిల్ల అడగడం మానేస్తుందని ఇద్దరికీ తెలుసు. నేను దోసిలితో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాను. మళ్ళీ తీసుకున్నాను. కళ్ళు కొంచెం మండాయి.

పిల్ల చొక్కా వదల్లేదు. "చెప్పు తాతయ్యా," అంది.